సీటు మీద రుమాలు

స్విచ్చి నొక్కి, మైకు మీది ఎర్ర స్పాంజి తొడుగును గోటితో రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు కింద ప్లాట్‌ఫారాల మీద వినిపించిందని రూఢి చేసుకుని, మైకమ్మ అందుకుంది.

“ప్రయాణికులకు మనవి. పద్నాలుగో నంబరు బస్సు, రేవు మీదుగా రాతివంతెనకు వెళ్లేది, ఆరో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.”

గొంతు గరగరమంది. స్విచ్చి ఎత్తి, చిన్న రేకు డబ్బీలోంచి ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకుని, అదే మాట మళ్లీ చెప్పింది. ముచ్చటగా మూడోసారీ చెప్పింది. గోడ గడియారం పొద్దున ఆరూ రెండు చూపిస్తోంది. కింద తుడుస్తున్న మనిషి చీపురు పక్కన పెట్టి, బెంచీ మీద నిద్రపోతున్న ఒకాయన్ని భుజం తట్టి లేపాడు. ఆయన సంచి పట్టుకుని ఆరో ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తాడు.

ఏదైనా మూడుసార్లు చెప్పడం ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అబ్బిన పాఠం. అప్పటి స్టేషన్ మేనేజరు, పొట్టిగా, ఎప్పుడూ జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు, ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాడు. “మొదటిసారి చెవికి, రెండోసారి బుర్రకి, మూడోసారి కాళ్లకి. మూడోసారి చెప్పకపోతే మనిషి కదలడమ్మా.” ఆయన పోయి పదేళ్లయింది. ఆయన మాట మాత్రం ఆమె ఒంట్లో పాతుకుపోయింది. తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. పొయ్యి ఆపి మూడుసార్లు మీట తిప్పి చూస్తుంది. భోజనానికి రమ్మని మూడుసార్లు పిలుస్తుంది. మొదటిసారికే వచ్చి కూర్చున్న మొగుడు, “వచ్చాను తల్లీ, బస్సు కదలనీ” అని వెక్కిరిస్తాడు.

జీతాల పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా లేదు. డ్రైవర్లకు, కండక్టర్లకు, టీ కొట్టువాడికి అందరికీ మైకమ్మే. పందొమ్మిది మెట్లెక్కితే వచ్చే ఈ గాజు గదిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. నలుగురు నిలబడితే అయిదో మనిషికి చోటు లేని గది. కుర్చీకి ఒక చెయ్యి విరిగితే ప్లాస్టిక్ తాడు చుట్టి వాడుతున్నారు. ఫ్యాను ఉంది కానీ వెయ్యకూడదు, దాని రొద మైకులో పడుతుంది. అందుకని ఎండాకాలం, చలికాలం ఒకే చెమట. యాభై మూడేళ్ల మనిషి, సన్నగా, భుజాలు కాస్త ముందుకు వంగి, మెడ చుట్టూ ఎప్పుడూ ఒక మెత్తని గుడ్డ. ఆ గుడ్డ మొదట్లో చలికి కట్టింది. ఈ మూడు నెలలుగా మెడ పక్కన లేచిన గడ్డ కనబడకుండా కడుతోంది.

రేపు పొద్దున ఏడింటికి ఆపరేషను. గొంతుపెట్టె తీసేస్తారు.

డాక్టరు మంచివాడే. దాపరికం లేకుండా చెప్పాడు. “ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు. మెల్లిగా అలవాటవుతుంది. పలక మీద రాసి చూపించండి.” ఆమె నవ్వింది. రాయడానికి చెయ్యి ఉంది, చూడటానికి ఎదుటివాడికి కళ్లుండాలిగా.

ఆమె మొగుడు ఇరవై ఏళ్లు బస్సు నడిపినవాడు. కంట్లో నీటి ఒత్తిడి చాపకింద నీరులా చూపు మొత్తం తినేసింది. ఆరేళ్లుగా ఆయనకు ఉదయం లేదు, సాయంత్రం లేదు. ఆమె గొంతు వినిపిస్తే సాయంత్రం అయినట్టు. పెళ్లికి ముందు కూడా ఆయనకు ముందు తెలిసింది ఆ గొంతే. “మొహం తర్వాత చూశా. అప్పటికే మాటిచ్చేశా, ఇంకేం చేస్తా” అని ఎవరు వచ్చినా చెబుతాడు. ఆ రోజుల్లో ఆమె డ్యూటీ దిగే వేళకు ఆయన బస్సు బయలుదేరేది. డ్రైవరు వెనక సీటు మీద నీలం గళ్ల రుమాలు పరిచి ఉండేది. ఎవరైనా కూర్చోబోతే కండక్టరు, “లేవండి బాబూ, అది ప్రభుత్వ రుమాలు” అనేవాడు. ఇప్పటికీ ఇద్దరూ బస్సెక్కితే ఆయనే ముందు కర్ర ఆనించుకుంటూ ఎక్కి, డ్రైవరు వెనక సీటు తడిమి, రుమాలు పరిచి, ఆమె వచ్చి తీసి కూర్చునేదాకా పక్కన నిలబడతాడు. చూపు పోయింది కానీ ఆ గొప్ప పోలేదు.

ఆస్పత్రిలో నర్సు ఒకావిడ ఫోనులోని యాప్ సంగతి చెప్పింది. గొంతు పోకముందే రెండు వందల నలభై వాక్యాలు అందులో చదివి పెట్టాలి. ఆ తర్వాత ఏ మాట టైపు చేసినా, మనం ఎన్నడూ పలకని మాటైనా సరే, మన గొంతుతోనే పలుకుతుంది. ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ. పద్నాలుగు రోజులు ఉచితం. ఆ లోపు డబ్బు కడితే గొంతు మనది, కట్టకపోతే చదివినవన్నీ చెరిపేస్తారు.

ఆ వాక్యాలు ఆమె ఈ గాజు గదిలోనే చదివింది, బస్సుకీ బస్సుకీ మధ్య. హారన్ మోగితే యాప్ ఒప్పుకునేది కాదు, మళ్లీ చదవమనేది. గొంతు రోజుకి పద్దెనిమిది, పందొమ్మిది వాక్యాలకే బొంగురుపోయేది. ‘కిటికీ తెరిచి ఉంది.’ ‘నీళ్లు చల్లగా ఉన్నాయి.’ ‘నువ్వు ఎప్పుడు వస్తావు?’ ఎవరు రాశారో గాని అన్నీ పొడి పొడి మాటలు. అయినా ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకుని, చదివినదానికి పక్కన టిక్కు పెట్టుకుంది. నిన్న మధ్యాహ్నం రెండు వందల నలభయ్యోది అయింది. యాప్ నమూనాగా ఒక్క వాక్యం వినిపించింది. ‘ఇవాళ వాతావరణం బాగుంది’ అని అచ్చంగా ఆమే అంది, గరగర లేకుండా, పాతికేళ్ల కిందటిలా. ఇంటికి వెళ్లి మొగుడికి వినిపిస్తే ఆయన ఫోను అందుకుని వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత, “వాతావరణం సంగతి సరే, ఎల్లుండి నుంచి నన్ను తిట్టేది కూడా ఇదేనా?” అన్నాడు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి గడువు.

డబ్బు నిన్న పొద్దున వచ్చింది, పాత సెలవుల బకాయి. దానికోసం నెల తిరిగింది. ఇవాళ తొమ్మిదింటికి టీ వేళప్పుడు ఆమె మెట్లు దిగి పాసుల కౌంటరు దగ్గరికి వెళ్లింది. పాసుల గుమాస్తాకు తెలియని విషయం లోకంలో లేదు. ఉంటే అది విషయమే కాదంటాడు. గుండ్రని మొహం, ముక్కు చివర కళ్లజోడు, చెవిలో పెన్సిలు. ఆమెను అక్కయ్యా అంటాడు.

“యాప్‌లో తొమ్మిది వేలు చూపిస్తోంది తమ్ముడూ. తొమ్మిదే వెయ్యనా కొత్త బ్యాంకు కార్డులో?”

“అక్కడే బోల్తా పడతారక్కయ్యా.” ఆయన పాసు ఫారం వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు. “టిక్కెట్టు తొమ్మిది వేలు. కానీ బస్సు సరిహద్దు దాటుతోంది. మన బ్యాంకువాడు అవతలి డబ్బుగా మార్చి పంపాలి. ఊరికే పంపుతాడా? నూటికి మూడున్నర. ఎంతయింది? మూడు వందల పదిహేను. ఆ మూడు వందల పదిహేను మీద మళ్లీ పన్ను, యాభై ఏడు.”

“రుసుము మీద పన్నా?”

“గోరుచుట్టు మీద రోకటిపోటు. మొత్తం తొమ్మిది వేల మూడు వందల డెబ్బై రెండు.” కింద రెండు గీతలు గీశాడు. “పైసా తక్కువైతే పోదు. పైసా ఎక్కువ కూడా వెయ్యకండి. అవతల ఎవడో, ఏమిటో. కార్డులో ఎంత ఉంటే అంతా ఊడ్చుకుపోయేవాళ్లున్నారు.”

బ్యాంకు కౌంటరు మనిషి కూడా పోయిన వారం ఆ మాటే అంది. విదేశాలకు పనికొచ్చే కార్డు విడిగా ఇచ్చి, దీంట్లో అవసరమైనంత మాత్రమే వేసుకోండి అని. ఇద్దరు తెలిసినవాళ్లు ఒకే మాట చెప్పాక ఇంకేం కావాలి? మధ్యాహ్నం ఎండలో బ్యాంకుకి నడిచి, వరసలో నిలబడి, తొమ్మిది వేల మూడు వందల డెబ్బై రెండు, నాణేలతో సహా కట్టి వచ్చింది. తిరిగి వస్తుంటే తేలిగ్గా అనిపించింది. టీ కొట్టువాడు పలకరిస్తే, “ఈ సాయంత్రానికి నా గొంతు నేనే కొనుక్కుంటున్నా” అంది. వాడికి అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

రెండూ ఇరవైకి మిల్లు గేటు బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకి పది నిమిషాలుంది. ఆమె తలుపు వేసుకుని, చేతులు గుడ్డతో తుడుచుకుని, ఫోను ముందు పెట్టుకుంది. కార్డు అంకెలు ఒక్కొక్కటే చూసి, పైకి చదువుతూ కొట్టింది. అన్నీ సరిపోయాయి. ‘చెల్లించండి’ అన్న పచ్చ గుర్తు మీద వేలు పెట్టింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. బ్యాంకు నుంచి ఒక మెసేజీ వచ్చింది. మీ కార్డులో ఎనభై రూపాయల మొత్తం ఆపి ఉంచబడింది. ఆ వెంటే యాప్ ఎర్ర అక్షరాలు చూపించింది. చెల్లింపు జరగలేదు. కార్డులో తగిన మొత్తం లేదు.

తగిన మొత్తం లేకపోవడమేమిటి, ఇప్పుడేగా కట్టి వచ్చింది? వాళ్లకు సరిగా వినబడలేదనుకుంది. ఒకసారి చెబితే ఎవరికి వినబడుతుంది? రెండోసారి నొక్కింది. మళ్లీ ఎనభై ఆపి ఉంచబడింది. మళ్లీ ఎర్ర అక్షరాలు. ఆమె వేలు గట్టిగా ఆనించి, మూడోసారి నొక్కింది.

మూడో ఎనభై కూడా ఆగింది, ఈసారి పచ్చ గుర్తే లేకుండా పోయింది. ‘చాలాసార్లు ప్రయత్నించారు. భద్రత కోసం మీ చెల్లింపులు నిలిపివేశాం. ఇరవై నాలుగు గంటల తర్వాత ప్రయత్నించండి.’ దాని వెనకాలే బ్యాంకు మెసేజీ. విదేశం నుంచి అనుమానాస్పదంగా మూడు ప్రయత్నాలు జరిగినందున కార్డును ఆపేశారట.

ఆమె మెట్లు దిగిన తీరు చూసి కౌంటరు ముందు వరసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని మెసేజీలన్నీ చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన గుండ్రని మొహం చిన్నదైపోయింది.

“ఈ ఎనభై ఏమిటి తమ్ముడూ? ఎవరు తీసుకున్నారు?”

“ఎవరూ తీసుకోలేదక్కయ్యా. ఇదీ...” ఆయన పెన్సిలుతో నుదురు గోక్కున్నాడు. “బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేస్తారు చూడండి, అట్లాగన్నమాట. కార్డు నిజమైనదో కాదో చూసుకోవడానికి ముందు ఒక ఎనభై మీద రుమాలు వేశాడు. వాడు కూర్చోలేదు. కానీ రుమాలున్నంతసేపు ఆ సీటు మీది కాదు. మీ తొమ్మిది వేల మూడు వందల డెబ్బై రెండులో ఎనభై అడ్డం పడిపోయింది. మిగిలింది చాలలేదు.”

“మూడుసార్లు నొక్కా.”

“మూడు రుమాళ్లు వేశాడు.” ఆయన గొంతు తగ్గింది. “ఒక్కసారి నొక్కి నాతో ఒక్క మాట చెబితే నా జేబులోంచి ఎనభై వేసేవాణ్ని కదా అక్కయ్యా. ఎందుకు నొక్కారు అన్నిసార్లు?”

మూడోసారి చెప్పకపోతే మనిషి కదలడని ఆయనకేం తెలుసు?

గుమాస్తా కౌంటరు మూసేసి, వరసలో వాళ్లు గొణుగుతున్నా వినకుండా, తన కార్డు తీశాడు. అది విదేశాలకు పనిచెయ్యదు. పనిచేసినా యాప్ డబ్బు కట్టే పేజీనే తెరవడం లేదు. రేపు రెండున్నరకు రమ్మంటోంది. రేపు రెండున్నరకు ఆమె రికార్డులూ ఉండవు, వాటిని మళ్లీ చదివే గొంతూ ఉండదు. కంపెనీకి ఉత్తరం రాశారు. ‘మీ సందేశం మాకు ఎంతో విలువైనది, రెండు రోజుల్లో సమాధానమిస్తాం’ అని తక్షణం జవాబొచ్చింది. అంత తొందరగా అబద్ధం చెప్పడం మనుషులకు చేతకాదు.

బ్యాంకుకి ఫోను చేసి, గాజు గదిలో చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, వేచి ఉండమన్నారు. సంగీతం వస్తూనే ఉంది. ఇరవై నిమిషాలైంది. మూడూ నలభైకి రాతివంతెన బస్సు వచ్చి అయిదో ప్లాట్‌ఫారం మీద ఆగింది. రోజూ ఆరో ప్లాట్‌ఫారం మీద ఆగేది. అక్కడే జనం నిలబడి ఉన్నారు, అందులో ఒక ముసలావిడ, ఇద్దరు పిల్లలు. చెప్పకపోతే బస్సు వెళ్లిపోతుంది. ఆమె ఫోను బల్ల మీద పెట్టి స్విచ్చి నొక్కింది. ఒకసారి చెప్పింది. రెండోసారి చెబుతుండగా ఫోనులో ఎవరో “హలో, హలో” అన్నారు. రెండో చేత్తో ఫోను అందుకోబోయింది. కింద ముసలావిడ ఇంకా అటే చూస్తోంది. మూడోసారి చెప్పింది. ముసలావిడ కదిలింది. ఫోను తీసేసరికి అవతల ఎవరూ లేరు.

రెండోసారి అరగంట పట్టింది.

“ఆ మొత్తాన్ని మేం తీసుకోలేదు మేడమ్. ఆపి ఉంచాం, అంతే.”

“తీసుకోకపోతే వదిలెయ్యండమ్మా.”

“అవతలి వ్యాపారి వదిలితే మేం వదులుతాం మేడమ్. ఏడు నుంచి పది పనిదినాలు పడుతుంది.”

“కార్డైనా తెరవండి. ఇవాళ ఆరింటికి నా గొంతు పోతుంది.”

“మీ ఇబ్బంది మాకు అర్థమైంది మేడమ్.” మంచి గొంతు, ఎక్కడా తడబాటు లేదు, పదానికీ పదానికీ మధ్య ఊపిరి వినబడటం లేదు. ఈ పనిలో పదేళ్లయినా ఉండి ఉంటుందనుకుంది మైకమ్మ. “కార్డు ఇరవై నాలుగు గంటల తర్వాత దానంతట అదే తెరుచుకుంటుంది. ఇంకేమైనా సహాయం కావాలా?”

“లవంగం వాడమ్మా” అంది మైకమ్మ. “గొంతు జాగ్రత్త.” ఫోను పెట్టేసింది.

అయిదూ యాభైకి గుమాస్తా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పందొమ్మిది మెట్లకు రొప్పుతున్నాడు. “నా లెక్కలో తప్పు లేదక్కయ్యా” అన్నాడు. పాసు ఫారం చేతిలోనే ఉంది. “మూడుసార్లు చూసుకున్నా. రుసుము, పన్ను, అన్నీ సరిగ్గానే వేశా.”

“నీ తప్పేం ఉంది తమ్ముడూ.”

“ఎక్కువ వెయ్యొద్దన్నాను కదా.” ఆయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు, చాలాసేపు తుడిచాడు. ఆమె లవంగాల డబ్బీ మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియక.

ఆరింటికి ఆమె డ్యూటీలో చివరి బస్సు రేవుది, ఒకటో ప్లాట్‌ఫారం. ఆమె స్విచ్చి నొక్కి స్పాంజిని గోటితో తట్టింది. ఆమె చెబుతుండగా బల్ల మీద ఫోను వెలిగింది. రెండు వందల నలభై అన్న అంకె ఉన్నచోట సున్నా వచ్చింది. ఏ చప్పుడూ చెయ్యలేదు. ఆమె మూడుసార్లు చెప్పింది. తర్వాత, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, నాలుగోసారి కూడా చెప్పింది. ఇద్దరు ముగ్గురు తలెత్తి గాజు గది వైపు చూశారు. అంతలో బస్సు కదిలితే ఎక్కేశారు.

ఇల్లంటే రెండో అంతస్తులో ఒకటిన్నర గది. మొగుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె తాళం తీసే చప్పుడుకే మొహం ఇటు తిప్పాడు.

“ఏదీ, వాతావరణం ఎట్లా ఉందో చెప్పమను.”

ఆమె చెప్పులు విడిచి, ఆయన మంచం పట్టె మీద కూర్చుని, జరిగిందంతా చెప్పింది. రుసుము, పన్ను, ఎనభై, రుమాళ్లు. “నేనే చెడగొట్టా” అంది ఆఖర్న. “మూడుసార్లు నొక్కి నా చేతులతో నేనే చెడగొట్టా.” అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు బయటపడింది. ఏడిస్తే గొంతు ఇంకా నొప్పి. నొప్పికి ఇంకా ఏడుపు.

ఆయన తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఫోనులో మామూలుగా రికార్డు చేస్తా” అంది కాసేపటికి. “ఇప్పుడే. మీకు కావలసినవన్నీ. భోజనానికి రండి, మందు వేసుకోండి, వాన వస్తోంది. చెప్పండి, ఏమేం కావాలి?”

“పిచ్చిదానా. రేపటి మాట ఇవాళ ఎట్లా అంటావు?”

“మరి ఎట్లా?”

ఆయన చేతులు మోకాళ్ల మీద, స్టీరింగు పట్టుకున్నట్టు, ఊరికే కదిలాయి. ఆ తర్వాత ఆమె అరచెయ్యి తీసుకుని తన చేతి మీద పెట్టుకున్నాడు. “పాత బస్సులో గంట ఉండేది, గుర్తుందా? తాడు లాగేవాళ్లు. ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే పోవాలి. ఇరవై ఏళ్లు కండక్టరు మొహం చూడకుండానే బండి నడిపా, ఆ గంట మీద. నువ్వు ఒకటి తట్టు, ఆగుతా. రెండు తట్టు, పోతా.”

“ఆ రెండింటితోనే బతుకంతా?”

“బస్సు నడిచింది కదే.”

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది. ఆయన చేతి మీద వేలితో ఒకసారి తట్టింది. ఆయన మాట్లాడటం ఆపేశాడు.

ఆపరేషను అనుకున్నట్టే అయింది. ప్రాణానికి భయం లేదన్న డాక్టరు మాట నిజమైంది, రెండో మాట కూడా.

పన్నెండో రోజు ఇంటికి పంపించారు. ఈలోగా నర్సు ఆమె ఫోనులో మామూలు మాట్లాడే ఏర్పాటు ఒకటి పెట్టి ఇచ్చింది, డబ్బు కట్టక్కర్లేనిది. టైపు చేస్తే ఎవరో ఒకావిడ చదువుతుంది. అది పెట్టిన రోజే మైకమ్మ ఆస్పత్రి మంచం మీంచి ‘నీళ్లు కావాలా’ అని టైపు చేసింది. ఫోను అడిగింది. మొగుడు ఉలిక్కిపడి, కాళ్లు దగ్గరికి తీసుకుని సర్దుకు కూర్చుని, “వద్దండీ” అన్నాడు. అండీ అన్నాడు. అన్న తర్వాత ఆయనకు తెలిసింది. ఆమె ఫోను తలగడ కింద పెట్టేసింది. మళ్లీ దానితో ఆయనను పలకరించలేదు.

ఇంటికి పంపించిన రోజు ఆస్పత్రి ముందు బస్సు ఆగింది. కొత్త బస్సు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆయన కర్ర ఆనించుకుంటూ ముందు ఎక్కాడు. డ్రైవరు వెనక సీటు తడిమి, జేబులోంచి నీలం గళ్ల రుమాలు తీసి, దులిపి పరిచి, పక్కన నిలబడ్డాడు. ఆమె రుమాలు తీసి కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. మెడ మీది గుడ్డ ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతోంది. ఎదుటి సీట్లో పిల్ల ఒకతె దానివైపు చూస్తుంటే వాళ్లమ్మ పిల్ల తల పక్కకు తిప్పేసింది.

దారిలో ఫోను వణికింది. బ్యాంకు మెసేజీ. మీ కార్డుపై ఆపి ఉంచిన ఎనభై విడుదల చేయబడింది. వెంటనే రెండోది, మూడోది. తొమ్మిది వేల మూడు వందల డెబ్బై రెండూ పైసా పోకుండా ఉన్నాయి. దేనికీ పనికిరాకుండా ఉన్నాయి.

“ఏమిటే అది? ఎవరు?” అన్నాడు ఆయన.

ఆమె వేలు ఆయన చేతి మీద ఆగింది. దీనికి ఎన్నిసార్లు తట్టాలో ఇద్దరూ అనుకోలేదు.

అంతలో వాళ్ల స్టాపు వచ్చింది. ఒక చేత్తో మందుల సంచి, ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆపుతూ దింపింది. తలుపులు మూసుకున్నాక ఆయన జేబు తడుముకున్నాడు. “రుమాలు తీశావా?”

ఆమె చప్పున తిరిగి చూసింది. కిటికీ అద్దంలోంచి సీటు కనబడుతోంది, లేచేటప్పుడు ఒళ్లోంచి దాని మీదికి జారిన రుమాలు కనబడుతోంది. ఇరవై ఆరేళ్లు, మీ వస్తువులు చూసుకుని దిగండి అని రోజుకి వందసార్లు చెప్పిన మనిషి. ఆపండి అనడానికి నోరు తెరిచింది. మెడ మీది గుడ్డ ఒకసారి ఎగిరిపడింది, అంతే. బస్సు పక్క రేకు మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. ఒకటి కొడితే ఆగాలి. కొత్త డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. బస్సు కదిలి, మలుపు తిరిగింది.

“ఏమైందే? పడిపోయిందా?” ఆయన ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. ఆమె మందుల సంచి భుజాన వేసుకుంది. తర్వాత ఆయన చేతి మీద రెండుసార్లు తట్టింది. ఆయన ఇంకేమీ అడక్కుండా, కర్ర ముందు పెట్టి నడిచాడు.

బస్సులో డ్రైవరు వెనక సీటు మీద నీలం గళ్ల రుమాలు చూసి, ఎవరో వస్తారనుకుని, మూడు స్టాపుల దాకా అక్కడ ఎవరూ కూర్చోలేదు.